మెట్లు దాటిన గిటార్

1940 మార్చి మాసం మొదలుకొని మన రేడియో కేంద్రాలలో హార్మోనియం మూగవోయినది. అంతకు కొంత ముందే విశ్వకవి రవీంద్రులు కలకత్తా కేంద్రానికి లేఖ వ్రాసి, ఆ వాద్యంపట్ల తమకున్న విముఖతను తెలియజేసినారు. హార్మోనియం మెట్టునుండి మెట్టుకు దూకుతుందేగాని ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారలేదనిన్నీ, మెట్ల నడుమనున్న సూక్ష్మశ్రుతులు దానికి అందవనిన్నీ, పాడేవారి గొంతును సయితం అది తన మెట్లవెంటనే నడిపిస్తుందనిన్నీ ఆనాటి పెద్దల అభియోగం. ఆ నిషేధం 1971లోగాని సడలలేదు. అది ఉచితమో అనుచితమో తేల్చడం ఇక్కడ మా పని కాదు. కచేరీలలో హార్మోనియం విని ఆనందించినవారిలో మేమూ ఉన్నాము. కాని ఆ అభియోగంలో ఒక గట్టి ప్రశ్న దాగి ఉన్నది. పరదేశంనుండి వచ్చిన వాద్యాన్ని మన సంగీతం దేనినిబట్టి ఇంట చేర్చుకొనవలె? దేనినిబట్టి గడప అవతల నిలుపవలె?

ఈ ప్రశ్నకు మాటలతో గాక వాద్యంతోనే జవాబు చెప్పిన విద్వాంసులలో పండిత బ్రిజ్ భూషణ్ కాబ్రా ఒకరు. ఆయన 1937లో జోధ్‌పూర్‌లో జన్మించి, అహమ్మదాబాదులో స్థిరపడి, 2018లో దివంగతులైనారు. ఒడిలో వెల్లకిల పరుండబెట్టిన గిటార్‌మీద ఉక్కుకడ్డీ జార్చి, హిందూస్తానీ రాగాలను సాంగోపాంగంగా ఆలాపన చేసి, అది శాస్త్రీయ సంగీతమేనని రసికులచేత ఒప్పించిన ఘనత ఆయనది.

పరదేశపు వాద్యం మన ఇంటిదైన ఉదాహరణ మన శ్రోతలకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు ఫిడేలును కర్ణాటక సంగీతానికి అలవరచినారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను క్రింద ఆ ఫిడేలు పలికిన తరువాత అది ఎక్కడనుండి వచ్చినదో తలచుకొనేవారే లేకపోయినారు. అయితే ఫిడేలుకు పుట్టుకతోనే ఒక సౌకర్యం ఉన్నది. దాని దండిమీద మెట్లు లేవు. వ్రేలు ఎక్కడ నిలిస్తే అక్కడ స్వరం. ఎంతదూరం జారితే అంతదూరం గమకం. గిటార్ సంగతి వేరు. దాని దండిమీద లోహపు మెట్లు ఉన్నవి. అవి స్థాయిని పన్నెండు సమభాగాలుగా కోసివేస్తాయి. మన వీణకూ మెట్లున్నవి గదా అని అడుగవచ్చును. వీణలో తీగకూ దండికీ నడుమ మైనపు కట్టుమీద లేచినిలిచిన మెట్లున్నవి. తీగను ప్రక్కకు లాగి రెండు మూడు స్వరాలదాకా గమకం రాబట్టవచ్చును. గిటార్ మెట్లు పొట్టివి, తీగల బిగువు ఎక్కువ. దానిమీద తోడి గాంధారాన్ని గాని, దర్బారీ గాంధారపు ఆందోళనను గాని పలికించబోయిన వానికి చేయి నొప్పే మిగులుతుంది. అనేక స్వరాలను ఒక్కసారిగా మీటి సమ్మేళనం పుట్టించడానికి ఏర్పడిన వాద్యమది. ఒక స్వరాన్ని మరొక స్వరంలో కరిగించే పనికి ఏర్పడినది కాదు.

ఈ చిక్కుకు పరిష్కారం మన దేశంలో గాక పసిఫిక్ మహాసముద్రం నడుమ దొరికినది. 1830 ప్రాంతాలలో పశువులను కాచే మెక్సికో రౌతులు హవాయి దీవులకు గిటార్‌ను వెంట తెచ్చినారు. దీవులవారు దాని తీగలను తమకు తోచినట్లు వదులుచేసి, తమ పాటలకు అనువుగా శ్రుతి చేసుకొన్నారు. ఆ శతాబ్ది చివరిలో జోసెఫ్ కెకూకు అనే బాలుడు, ఓఅహూ దీవిలోని లాయియె గ్రామంవాడు, రైలుపట్టాల ప్రక్కన దొరికిన ఇనుప మేకునొకదానిని తీగలమీద జార్చి ఆ నాదానికి ముగ్ధుడైనాడని కథ. పిమ్మట హొనొలూలూలోని కమేహమేహా పాఠశాలలో చదువుకొంటూ, అక్కడి పనిముట్ల శాలలో నునుపైన ఉక్కుకడ్డీని తయారుచేసుకొన్నాడట. 1904లో దీవులు విడిచి అమెరికాకు, తరువాత ఐరోపాకు వెళ్లి ఈ వాదన పద్ధతిని చాటిన కెకూకు 1932లో అమెరికాలోనే కన్నుమూసినాడు. ఉక్కుకడ్డీతో వాయించేది గనుక దానికి ఉక్కు గిటార్ అనీ, పుట్టినచోటునుబట్టి హవాయియన్ గిటార్ అనీ పేర్లు వచ్చినవి. మన దేశంలో రెండవ పేరే నిలిచినది.

ఆ దీవులలోనే మరొక కథ కూడ ఉన్నది. కెకూకుకంటె ముందే గేబ్రియెల్ డేవియన్ అనే యువకుడు, భారతదేశంలో పుట్టి ఓడమీద ఆ దీవులకు చేరినవాడు, తీగలమీద ఏదో జార్చి వాయించగా చూచినామని కొందరు పాతవారు చెప్పియున్నారు. ఈ మాట దొరకగానే హవాయియన్ గిటార్ మన గోటువాద్యపు బిడ్డయేనని తీర్పు చెప్పే ఉత్సాహం మనవారిలో కొందరికి కలుగుతున్నది. ఆ ఉత్సాహాన్ని మేము సమర్థించలేము. ఆ యువకుడు మన దేశంలో ఏ వాద్యం విన్నాడో, అసలు విన్నాడో లేదో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. అయినను బంధుత్వం లేదని కాదు. అది వంశంవల్ల వచ్చిన బంధుత్వం కాకపోవచ్చును, స్వభావంవల్ల వచ్చినది.

గోటువాద్యం మెట్లులేని వీణ. కుడిచేత తీగ మీటుతూ, ఎడమచేత నల్లసేవ కొయ్యతోనో కొమ్ముతోనో చేసిన చిన్న కడ్డీని తీగమీద జార్చి స్వరాలు పలికిస్తారు. ‘గోటు’ అనగానే తెలుగు చెవికి గోరు స్ఫురించినా, ఇక్కడ పనిచేసేది ఆ కడ్డీయే. తంజావూరు నేలిన రఘునాథనాయకుని తెలుగు కావ్యం ‘శృంగార సావిత్రి’లో ఈ వాద్యం పేరు కనబడుతుందని సంగీత చరిత్రకారులు చూపినారు. అంటే పదునేడవ శతాబ్ది ఆరంభంనాటికే తెలుగు కవి కలానికి అది పరిచితమన్నమాట. ఇరవయ్యవ శతాబ్దిలో తిరువిడైమరుదూరు సఖారామరావు, బూదలూరు కృష్ణమూర్తి శాస్త్రి, మైసూరు ఆస్థానంలో నారాయణయ్యంగారు దానికి మరల ప్రాణం పోసినారు. ఉత్తరాదిని పాటియాలా ఆస్థానంలో అబ్దుల్ అజీజ్ ఖాన్ విచిత్రవీణమీద గాజుగుండును జార్చినారు. కనుక కడ్డీ జార్చి రాగం పలికించే సంప్రదాయం దేశంలో ఉండనే ఉన్నది. హవాయి కడ్డీ పట్టి వచ్చిన గిటార్‌కు, ఆ సంప్రదాయం ప్రక్కన చోటు చూపేవారే కావలసియుండిరి.

అది మొదట దిగినది కలకత్తాలో. హవాయి వాద్యబృందాలు తూర్పు దేశాలు తిరుగుతూ ఆ నగరంలో విడిది చేసేవి. టౌ మో అనే ప్రసిద్ధ వాద్యకారుడు 1940 తరువాతి సంవత్సరాలలో కుటుంబంతో సహా అక్కడ నివసించినాడు. వంగదేశపు యువకులు ఆ వాద్యాన్ని ఆత్రంగా అందుకొన్నారు. సుజిత్ నాథ్, బటుక్ నందీ వంటివారు దానిమీద రవీంద్ర సంగీతం వాయించినారు. కవి నజ్రుల్ ఇస్లాం కుమారులు కాజీ అనిరుద్ధ తండ్రిగారి పాటలు వాయించినారు. బొంబాయిలో వాన్ షిప్లీ విద్యుత్ గిటార్‌మీద సినిమా పాటలు పలికిస్తే రేడియో పెట్టె ఉన్న ప్రతి ఇంటా అవి మ్రోగినవి. మాటలు లేకుండానే పాట గుర్తుపట్టగలగడం ఆ రోజులలో పిల్లలకు ఒక ఆట. కాని ఈ ప్రచారమే దానికి ఒక ముద్ర వేసినది. హవాయియన్ గిటార్ అంటే లలిత సంగీతానికి, సినిమా పాటలకు పనికివచ్చే వాద్యమనీ, కాస్త తీపి ఎక్కువైన వాద్యమనీ పెద్ద విద్వాంసులు దానిని ప్రక్కకు నెట్టినారు. ఆ నాదంలో తీపి ఎక్కువన్న మాట అబద్ధమని మేమనలేము.

జోధ్‌పూర్‌లోని కాబ్రాల ఇల్లు సంగీతంలో మునిగిన ఇల్లు. అన్నగారు దామోదరలాల్ కాబ్రా సరోద్ వాద్యంలో ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ శిష్యులు. మైహర్ అల్లాఉద్దీన్ ఖాన్ కుమారులైన అలీ అక్బర్ యౌవనంలో లక్నో రేడియో కేంద్రంలో పనిచేసి, పిమ్మట జోధ్‌పూర్ సంస్థానంలో ఆస్థాన విద్వాంసులైనారు. అందుచేత ఆ నగరంలో సంగీతమంటే తెలిసినవారందరికి మైహర్ బాణీ ఇంటి భాష వలె అయిపోయినది. చిన్నవారైన బ్రిజ్ భూషణ్‌కు మాత్రం మొదట సంగీతంమీద అంత ధ్యాస లేదనీ, కలకత్తా వెళ్లినప్పుడు హవాయియన్ గిటార్ విని మనసుపడి దానిని ఇంటికి తెచ్చుకొన్నారనీ చెబుతారు. తండ్రిగారికి ఆ విదేశీ వాద్యం రుచించలేదట. చివరకు ఒక షరతుమీద సమ్మతించినారట: దానిమీద శాస్త్రీయ సంగీతమే వాయించవలె, మరొకటి కూడదు.

ఆ షరతు వినడానికి చిన్నదే గాని దాని బరువు ఆలోచించండి. ఆ వాద్యంమీద రాగం నేర్పగల గురువు అప్పుడు దేశంలో ఎవరున్నారు? నడచిన బాట అంటూ లేదు. సినిమా పాటలు వాయించి పేరు తెచ్చుకొనే సులువైన దారిని తండ్రిగారే మూసివేసినారు. కొడుకు ఆ మాట నిలబెట్టుకొన్నారు.

ఆయన గురువుగా ఆశ్రయించినది అన్నగారి గురువునే. పైకి ఇది గిటార్ నేర్చుకొనగోరి సరోద్ విద్వాంసుని తలుపు తట్టడంగా కనబడుతుంది. కాని సరోద్ దండిని ఒకసారి చూచినవారికి ఇందులోని ఔచిత్యం తెలియును. దానిమీద మెట్లు లేవు. నునుపైన ఉక్కురేకు పరచి ఉంటుంది. వాద్యకారుడు ఎడమచేతి గోటిని తీగపై ఆనించి ఆ రేకువెంట జారుస్తాడు. గోటికి బదులు కడ్డీ వచ్చినదనుకొంటే హవాయియన్ గిటార్‌కూ సరోద్‌కూ నడుమ దూరం చాలవరకు తరిగిపోతుంది. అయినను శిష్యుని కష్టం శిష్యునిదే. గురువు చూపిన సంచారాన్ని తన తీగలమీద ఏ చోట, ఎంత బరువుతో, ఎన్ని మీటులతో రాబట్టవలెనో తానే వెదుకుకొనవలె. గురువుగారి చేతిలో గిటార్ లేదు గదా.

ఇక వాద్యం సంగతి. కాబ్రా చేతిలో ప్రసిద్ధికెక్కిన గిటార్ అమెరికాలో గిబ్సన్ సంస్థవారు చేసిన ‘సూపర్ 400’. 1934లో ఆ నమూనా బయటికి వచ్చినప్పుడు దాని వెల 400 డాలర్లు. పేరు అందుకే అట్లు వచ్చినది. అది ఒడిలో పెట్టి వాయించడానికి చేసినది కానే కాదు. జాజ్ వాద్యబృందాలలో బాకాల హోరుకు లొంగక లయ వినిపించవలెనని, పద్దెనిమిది అంగుళాల వెడల్పు డొల్లతో నిర్మించినారు. దాని పైపలక చదునుగా ఉండదు. ఫిడేలు పలక వలె నడుమ ఉబ్బెత్తుగా చెక్కి ఉంటుంది. మామూలు గిటార్‌కు ఉండే గుండ్రని రంధ్రానికి బదులు ఫిడేలుకున్నట్లే ఇరుప్రక్కల వంకీ తిరిగిన రెండు చీలికలుంటాయి. మన సంగీతంలోకి ముందుగా వచ్చిన ఫిడేలు పోలికలే ఈ గిటార్ ఒంటిమీద ఉండడం మాకు ముచ్చటగా తోచినది.

ఇటువంటి వాద్యాన్ని కాబ్రా రాగానికి అనువుగా మార్చుకొన్నారు. మార్పులు లెక్కకు కొద్దివే. దండి మొదట తీగలు ఆనే మేరువును ఎత్తు చేసినారు. దానితో తీగలు మెట్లకు అందనంత పైకి లేచినవి. మెట్లు ఉన్నచోటనే ఉన్నవి. వాటికి పని లేకపోయినది. స్వరస్థానాన్ని చూపే గుర్తులుగా మాత్రం మిగిలినవి. ఇక శ్రుతికొరకు ఒక తీగను అదనంగా చేర్చినారు. సితార్‌లో, సరోద్‌లో చికారీ తీగలు చేసే పనిని, మన వీణలో తాళపు తీగలు చేసే పనిని అది చేస్తుంది. రాగం నడుమ షడ్జం ఆగక మ్రోగుతుంది. ఝాలాలో లయను పట్టి నిలుపుతుంది.

మెట్టు తొలగితే స్వేచ్ఛ వచ్చిన మాట నిజమే గాని, దానితోపాటు అండ కూడ పోయినది. మెట్టుమీద వ్రేలు కొంచెం ఇటో అటో పడినా స్వరం చెడదు. కడ్డీ వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. ఆ గిటార్‌లో మేరువునుండి గుర్రందాకా తీగ పొడవు సుమారు 25½ అంగుళాలు. ఒకే తీగమీద షడ్జంనుండి తారాషడ్జానికి వెళ్లవలెనంటే కడ్డీ పదమూడు అంగుళాలకు కొంచెం తక్కువగా ప్రయాణం చేయవలె. ఆ పైస్థాయి మొత్తం అందులో సగం దూరంలోనే ఇమిడి ఉంటుంది. పైకి పోయినకొద్దీ స్వరాల నడుమ ఎడం తరిగిపోతుంది. క్రింద అంగుళాలతో కొలిచిన చేయి పైన నూలువాసితో కొలవవలె. వేగంగా తానం వేస్తూ ఈ కొలత తప్పకుండా ఉండడం ఎంతటి సాధనో వేరే చెప్పనక్కరలేదు.

మరొక చిక్కు నాదపు నిలకడది. మీటిన నాదం మీటిన క్షణంనుండే క్షీణిస్తుంది. ఫిడేలుకు కమాను ఉన్నది, వేణువుకు ఊపిరి ఉన్నది. అవి నాదానికి ఎప్పటికప్పుడు బలం పోస్తాయి. గిటార్‌కు ఆ ఆధారం లేదు. ఉబ్బెత్తు పలక గల గిటార్లలో మీటు గట్టిగా పలుకుతుంది గాని నాదం తొందరగా తగ్గుతుంది. ఒక్క మీటులో స్వరంనుండి స్వరానికి, అక్కడనుండి మరొక స్వరానికి జారి, నాదం ఆరిపోయేలోపల రాగచ్ఛాయను పూర్తిచేయవలె. బరువైన ఉక్కుకడ్డీ ఇందుకు కొంత తోడ్పడుతుంది. తక్కినదంతా వాయించేవాని నిదానం. కాబ్రా రికార్డులలో మమ్మల్ని ఎక్కువగా పట్టి నిలిపేది ఈ నిదానమే. ఆయన ఆలాపనలో మీటులు తక్కువ. ఒక మీటుకూ మరొక మీటుకూ నడుమ కడ్డీ చేసే పని ఎక్కువ. నాదం సన్నగిలి, ఇక వినబడదనుకొన్న చోట కూడ స్వరం కదులుతూనే ఉంటుంది. ఇటువంటి సన్నని తావులు పెద్ద పందిరి క్రింద వేలమంది నడుమ వినబడేవి కావు. మైకు దగ్గరగా ఉండి, వినేవారు తమ గదిలో రేడియో ముందు కూర్చున్నప్పుడే వాటి విలువ తెలుస్తుంది.

ఆయన పేరు దేశదేశాలకు ప్రాకినది 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డుతో. హెచ్.ఎం.వి. సంస్థలో జి. ఎన్. జోషీగారు దానిని రూపొందించినారు. కాశ్మీరు లోయలో ఒక గొల్లవాని దినచర్యను తెల్లవారు జామునుండి రాత్రిదాకా రాగాలతో చెప్పడం అందులోని ఏర్పాటు. ఆహిర్ భైరవ్, నట్ భైరవ్‌లతో ఉదయం మొదలై, పీలూ, భూప్, దేశ్‌ల మీదుగా పహాడీతో ముగుస్తుంది. సంతూర్‌పై శివకుమార్ శర్మ, వేణువుపై హరిప్రసాద్ చౌరసియా, గిటార్‌పై కాబ్రా, తబలాపై మాణిక్‌రావ్ పోపట్కర్.

ఈ కూటమిలోని విశేషం పలువురు గమనించరు. ఇందులోని మూడు వాద్యాలూ శాస్త్రీయ సభలో కొత్తగా చోటు సంపాదించుకొన్నవో, సంపాదించుకొంటున్నవో. వేణువును పన్నాలాల్ ఘోష్ హిందూస్తానీ కచేరీ వాద్యంగా నిలిపి 1960లో కన్నుమూసినారు. ఆ దారిలో వచ్చిన చౌరసియా అంతకుముందు కటక్ రేడియో కేంద్రంలో ఉద్యోగి. సంతూర్ కాశ్మీరపు సూఫియానా గోష్ఠులనుండి అప్పుడే బయటికి వచ్చినది. చిన్న కర్రలతో కొట్టి వాయించే ఆ వాద్యంమీద జారు పలుకదని పెద్దలు ఆక్షేపించుచుండిరి. ఇక గిటార్ మాట చెప్పనే అక్కరలేదు. రికార్డులో సంతూర్ చినుకులు చినుకులుగా స్వరాలు రాలుస్తుంటే, వాటి నడుమ ఖాళీలను గిటార్ ఒక దారంతో కూర్చుతున్నట్లుంటుంది. సంతూర్‌కు చేతకానిదేదో గిటార్‌కు అదే సొంతవిద్య. జోషీగారు ఈ పొత్తును ఎంత తెలిసి కుదిర్చినారో గాని, మంచి చెవిగల మనిషి.

ఆ రికార్డు మాధుర్యానికి లొంగి, కాబ్రా అంటే ఇంతేననుకొన్నవారు ఆయనకు అన్యాయం చేసినవారవుతారు. అందులో ఆయన ముగ్గురిలో ఒకరు. రాగం కథకు లోబడి నడుస్తుంది. ఆయన ఒంటరిగా ఒక రాగాన్ని తీసుకొని విలంబితంనుండి ద్రుతందాకా విస్తరించిన రికార్డులలోగాని తండ్రిగారి షరతు ఎంత నిష్ఠగా నెరవేరినదో తెలియదు.

ఆయన తరువాత ఈ బాట రహదారి అయినది. ఆయనవద్ద పది సంవత్సరాలు నేర్చిన దేబాశిష్ భట్టాచార్య తన గిటార్‌కు చికారీలు, అనునాద తీగలు చేర్చి చతురంగి అని పేరు పెట్టినారు. పండిత రవిశంకర్ శిష్యులైన జయపురం విశ్వమోహన భట్ తమ వాద్యానికి పన్నెండు అనునాద తీగలు బిగించి మోహనవీణ అన్నారు. అమెరికా గిటార్ విద్వాంసుడు రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకు 1994లో గ్రామీ బహుమతి అందుకొన్నారు. మన పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్ వేరొక వైపునుండి ఇదే గడప దాటినాడు. మాండొలిన్ మెట్లను అట్లే ఉంచి, జంట తీగలను తీసివేసి, ఐదు ఒంటి తీగలు బిగించి, విద్యుత్తు సాయంతో కర్ణాటక గమకాలు రాబట్టినాడు. 2014లో నలభై అయిదేండ్లకే ఆయన వెళ్లిపోవడం మన దురదృష్టం.

వాద్యం మారితే పేరు మారడం సహజమే. వీణ అన్న మాట తగిలిస్తే సభాగౌరవం త్వరగా వస్తుందన్న ఆశ కూడ కొందరికి ఉండవచ్చును. కాబ్రాకు ఆ అవసరం తోచినట్లు లేదు. రాగం పేరు ఆహిర్ భైరవ్ అయినా, దేశ్ అయినా, ఆయన వాయించిన రికార్డుల అట్టలమీద వాద్యం పేరు మాత్రం గిటార్ అనే ఉన్నది.